వెండితెర మీద పైడిరాజు

మొన్న షెఫీల్డ్‌లో మా జీపీ సర్జరీ, అంటే మా పేట డాక్టరు క్లినిక్, వెయిటింగ్ రూములో, నా పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన పాంటు మోకాలి దాకా మడిచి, కోటు జేబులోంచి చిన్న సీసా తీసి నీలగిరి తైలం రాసుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరు పిలవడానికి ఇంకా పావుగంట పట్టేలా ఉంది, ఆయన మోకాలికి అంత ఓపిక ఉన్నట్టు లేదు. ఎదుటి వరసలో ఒకావిడ స్కార్ఫును ముక్కు మీదికి లాక్కుంది. నేను మాత్రం ఊపిరి గట్టిగా పీల్చుకున్నాను. ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వాసనకు ఎవరికైనా తిరుగుతాయి కాబట్టి, ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ తైలమే రోజూ మోకాళ్ళకు రాసుకున్న పైడిరాజు మాస్టారిని తలుచుకుని నలుగురిలో కళ్ళు తుడుచుకోవడానికి అంతకంటే అనువైన చోటు దొరకదనిపించింది.

మాస్టారు పోయి రెండేళ్ళయింది. మీలో ఎవరూ ఆయన్ని కలిసి ఉండరు. చూసి మాత్రం ఉంటారు. ఈ దేశపు టీవీలోనో సినిమాలోనో ముఖానికి గుడ్డ కట్టుకున్న మనిషి ఒకడు మెట్ల మీంచి దొర్లి కింద పడి ఉంటే, రైలు డబ్బా పైనుంచి జారిపోయి ఉంటే, హీరో మోచేతి దెబ్బకు పండ్ల బండి మీద పడి నారింజలు నాలుగు దిక్కులా చెల్లాచెదురై ఉంటే, అందులో సగం మంది మా మాస్టారే. విజయనగరం దగ్గర ఒక గరిడీలో, అంటే ఊరి సాముశాలలో, కర్రసాము నేర్చుకుని, మద్రాసులో సినిమా ఫైటర్‌గా కొన్నాళ్ళు పనిచేసి, ఒక నాట్య బృందంతో లండన్ వచ్చి, బృందం తిరిగి వెళ్ళిపోయినా తాను ఉండిపోయిన మనిషి. పైడి అంటే బంగారమని మీకు చెప్పనక్కర్లేదు. వెండితెరకు బంగారంతో పనిలేదన్న సంగతి ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

నేను ఆయన ఇంటికి చేరింది లాడ్జర్‌గా, ఒక గది అద్దెకు తీసుకుని. గుంటూరు నుంచి మాస్టర్స్ చెయ్యడానికి వచ్చాను. చదివింది మీడియా స్టడీస్. మా నాన్న ఊళ్ళో ఎవరైనా అడిగితే "మీడి..." అని చివర దగ్గేసేవారు, విన్నవాళ్ళు మెడిసిన్ అనుకుంటే అది వాళ్ళ అదృష్టం అన్నట్టు. నాకు పెట్టిన పేరు వాణి. పెద్దయ్యాక ఈ పిల్లకు నలుగురిలో గొంతు పెగలదని పేరు పెట్టేరోజున ఆయనకు తెలియదు. లండన్ శివారు హేస్‌లో మాస్టారి ఇంట్లో మేడ మీద బాక్స్ రూము నాది. మంచం వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే మంచం మీద కూర్చోలేం. మొదటిరోజు మాస్టారి భార్య సత్యవతి ఆంటీ టీ ఇస్తూ, "మీ మాస్టారు ఇవాళ చచ్చిపోడానికి వెళ్ళారమ్మా, ఆరింటికల్లా వచ్చేస్తారు" అన్నారు. నేను కప్పు కింద పెట్టేశాను. "షూటింగ్" అని ఆవిడ తాపీగా బిస్కెట్ ముంచుకున్నారు. "ఇప్పటికి నేను నూట పాతిక సార్లు విధవనయ్యాను. ఒక్కసారీ కెమెరా నా వైపు తిప్పలేదు."

షూటింగ్ లేని రోజుల్లో ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర విమానాలకు భోజనాలు పంపే వంటశాలలో ట్రేలు, గిన్నెలు కడిగే షిఫ్టులు చేసేవారు. "ఈ దేశంలో నాకు పాత్రలు దొరకవన్న వాడెవడు? చేతి నిండా పాత్రలే" అని ఆయనే జోకు వేసేవారు. నేను గట్టిగా నవ్వేదాన్ని. అందులో నవ్వాల్సింది తక్కువని తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ప్రార్థనలు ముగిశాక మా వీధి చివరి చర్చి హాలు మాస్టారి గరిడీ అయిపోయేది. కుర్చీలన్నీ గోడకు జరిపి, పాత మ్యాట్లు పరిచేవాళ్ళం. వచ్చేవాళ్ళు పదీ పన్నెండు మంది పిల్లలు. అందరూ ఇక్కడ పుట్టినవాళ్ళు. మాస్టారు విజయనగరం తెలుగులో కేకలేస్తే వాళ్ళు హేస్ ఇంగ్లీషులో జవాబిచ్చేవాళ్ళు, ఇద్దరికీ అన్నీ అర్థమయ్యేవి. నన్ను కూడా రమ్మన్నారు. ఆ చలికాలం బస్ స్టాపు దగ్గర మంచు మీద జారి రెండుసార్లు పడ్డాను, రెండుసార్లూ చెయ్యి ఆనించి మణికట్టు బెణికించుకున్నాను. అది చూసి ఆయన తల పట్టుకున్నారు. "పడ్డం రాని మనిషివి పరాయి దేశం ఎలగొచ్చీసేవమ్మా?" మొదటి మూడు నెలలూ నాకు పడటమే నేర్పారు. గడ్డం గుండెకు ఆనించి, భుజం మీదుగా దొర్లి, అరచేత్తో నేలను చరచడం. అప్పటిదాకా నాకు వచ్చినవి మాటలు పడటం, మొహమాటపడటం, భయపడటం. నొప్పి లేకుండా కింద పడటం ఆయన దగ్గరే వచ్చింది.

"కొట్టడం ఎప్పుడు నేర్పుతారు మాస్టారూ?" అని ఒక రోజు అడిగాను.

"కొట్టడానికేటమ్మా, కోపం ఉంటే చాలు. ఇలాగొచ్చి నిలబడు. నన్ను గుద్దు. అంత దగ్గరికొద్దు, జానెడు దూరంలో ఆపీ." ఆపాను. ఆయన మెడ విసురుగా పక్కకు తిరిగింది, కాళ్ళు గాల్లోకి లేచాయి, అరవై దాటిన ఆ ఒళ్ళు మ్యాటు మీద దభీమని పడింది. పిల్లలు కేరింతలు కొట్టారు. నా పిడికిలి వంక నేనే భయంగా చూసుకున్నాను. ఆయన లేచి దులుపుకుంటూ, "చూసేవా? నీ బలం అంతా నా మెడలో ఉంది. హీరోల బలమూ అంతే. అది మాత్రం ఆళ్ళకి చెప్పకు, ఏడుస్తారు" అన్నారు.

ఆ హాల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరికీ ఎవరూ కర్ర చేతికి అందించకూడదు. నేల మీద పెట్టాలి. కావలసినవాడు వంగి, నేలను తాకి కళ్ళకద్దుకుని, తనే తీసుకోవాలి. ఆరేళ్ళ పిల్లయినా అంతే, మాస్టారైనా అంతే. ఒక కుర్రాడు బద్ధకించి, "జస్ట్ పాస్ ఇట్, మాస్టర్ అంకుల్" అని చెయ్యి చాపితే ఆయన కర్రను వాడి పాదాల ముందు పెట్టి, గోడ దగ్గరికెళ్ళి కూర్చున్నారు. వాడు చాలాసేపు నిలబడ్డాడు. హాలు అద్దె సమయం అయిపోవస్తోంది. చివరికి వంగాడు. "వంగనోడి చేతికి కర్రిస్తే అది ఎవడి నెత్తి మీద దిగుతాదో నీకు తెల్దు, నాకూ తెల్దు. మా గురువు నా చేతికి ఎన్నడూ ఇవ్వలేదు. నానూ ఇవ్వను" అని నాతో అన్నారు, మ్యాట్లు చుట్టేస్తూ.

ఇక వేషాల సంగతి. ఆయనకు ఒక ఏజెంటు ఉండేది, ప్రతి వాక్యానికి ముందూ వెనకా డార్లింగ్ పెట్టే మనిషి. పైడిరాజు పలకడం కష్టమని ఆయన్ని ప్యాడీ చేసింది కూడా ఆవిడే. ఏడాదికి పది పన్నెండుసార్లు ఏదో ఒక పాత్రకు ఇంట్లోనే వీడియో తీసి పంపమనేది. ఫోను పట్టుకోవడం, అవతలి పాత్ర మాటలు చదవడం నా డ్యూటీ. బాంబు పెట్టేవాడి తండ్రిగా, బాంబు పెట్టేవాడి బాబాయిగా, బాంబు పెట్టినవాడు కాదని తర్వాత తేలే పక్కింటివాడిగా హేస్‌లో మా ఇంటి హాల్లో, సోఫా వెనక దుప్పటి కట్టి, మాస్టారు ఎన్ని కన్నీళ్ళు కార్చారో! ఒకసారి కొట్టు యజమాని వేషం. రెండే మాటలున్నాయి. సరిగ్గా రెండో మాట దగ్గర వంటింట్లో కుక్కరు కూసింది. మళ్ళీ తీద్దామంటే టైము లేదు, అలాగే పంపేశాం. రెండు రోజులకు ఏజెంటు ఫోన్ చేసింది. ఆ విజిల్ అందరికీ చాలా నచ్చిందట, ఎంతో సహజంగా ఉందట, కానీ ప్యాడీని ఇంకాస్త ఇండియన్‌గా చెయ్యమని చెప్పాల్సిందట, ఏమైనా వేషం ఇంకెవరికో వెళ్ళిపోయిందట.

"ఇంకెవరికేంటి, కుక్కరుకే ఇచ్చుంటారు" అన్నారు ఆంటీ.

ఇంకొకటి ఆయన చెప్పిందే, నేను రాకముందు ఎప్పుడో జరిగింది. ఒక సినిమాలో తూర్పు దేశాల యుద్ధ విద్యల గురువు పాత్ర. మాస్టారు రెండుసార్లు వెళ్ళి చేసి చూపించారు. కర్ర తిప్పితే గదిలో అందరూ లేచి నిలబడ్డారట. పాత్ర మాత్రం ఒక పేరున్న తెల్లాయనకు వెళ్ళింది. ఆయనకు కర్ర పట్టుకోవడం రాదు కాబట్టి ఫైట్లలో ఆయనకు డూపుగా మాస్టారిని పిలిచారు. ఇండియన్‌లా కనిపించడానికి ఆ తెల్లాయనకు గోధుమరంగు పూశారు. ఆ తెల్లాయనలా కనిపించడానికి మాస్టారి గోధుమరంగు మీద అదే గోధుమరంగు మళ్ళీ పూశారు. "నా రంగు నాకే చాల్లేదమ్మా" అని ఆయన ఇది చెప్పినప్పుడల్లా నవ్వేవారు. ఆంటీ ఒక్కసారీ నవ్వలేదు. చెబుతుండగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు.

నా చదువు అయిపోయి, ఉద్యోగం లేక, అక్కడే బాక్స్ రూములో పడి ఉన్న రోజుల్లో ఆ ఫోను వచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో తీసే పెద్ద సినిమా. మళ్ళీ గురువు పాత్రే. ఈసారి వాళ్ళకు అసలైన మనిషి కావాలట. కాలం మారిందని ఏజెంటు చెప్పింది, తనే మార్చినట్టు. డైరెక్టరు కుర్రాడు, ఎంతో మర్యాద గలవాడు, హేస్ దాకా వచ్చి చర్చి హాల్లో బూట్లు విప్పి కూర్చుని రెండు గంటలు చూశాడు. కర్ర నేల మీద పెట్టే పద్ధతి చూసి అతనికి ఒళ్ళు పులకరించింది. ఇదే సినిమాకు ప్రాణం, హీరో వంగి కర్ర తీసుకునే సీను రాస్తాను అన్నాడు. రాశాడు కూడా. గురువు పాత్రకు స్క్రిప్టులో పేరు లేదు, ముసలి గురువు అని ఉంది. మీరే ఒక పేరు పెట్టండి అన్నాడు. మాస్టారు నేలను తాకి కళ్ళకద్దుకున్నారు. "అప్పన్న" అన్నారు. అది తనకు కర్ర నేర్పిన గురువు పేరు.

అప్పన్నకు ఏడు డైలాగులు. అందులో నాలుగు తెలుగులోనే ఉండాలని డైరెక్టరు పట్టు పట్టాడు. వాటిని రాయడానికి, సెట్లో చూసుకోవడానికి ఒక మనిషి కావాలంటే మాస్టారు నా పేరు చెప్పారు. అలా నా మీడియా స్టడీస్‌కు ఈ భూమ్మీద మొదటి, చివరి ఉపయోగం దొరికింది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ దేశంలో కెమెరా ముందు పనిచేసిన మనిషి ముఖం, గుడ్డ లేకుండా, పేరుతో, మాటతో, మొదటిసారి తెర మీదికి రాబోతోంది. ఆ నెలంతా ఆ ఏడు మాటలు మా ఇంట్లో మోగని చోటు లేదు. మెట్లు దిగుతూ ఒకటి, స్నానం చేస్తూ ఒకటి. ఆంటీ కూర వడ్డించబోతే అప్పన్న గొంతుతో, "నేల ఇచ్చిందే తీసుకో" అనేవారు. "నేలేమీ ఇవ్వలేదు, నేనిచ్చాను. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి" అనేవారు ఆవిడ.

బెల్‌ఫాస్ట్ ఎయిర్‌పోర్టులో మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రైవరు ప్యాడీ అని రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. మేము నేరుగా అతని ముందుకెళ్ళి నిలబడినా మా భుజాల మీదుగా, వెనక రాబోయే, ఆ పేరుకు తగ్గ ఐరిష్ ముసలాయన కోసం చూస్తూనే ఉన్నాడు. "నానే" అన్నారు మాస్టారు. అతను సారీ చెప్పాడు, చాలాసార్లు చెప్పాడు. దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. "పోన్లెద్దూ బాబూ. ఇంకో ఏడాదాగితే అందరూ గుర్తుపట్టీస్తారు" అని మాస్టారు అతన్ని ఇంగ్లీషులో ఊరడించారు.

సెట్టు ఓడరేవు వైపు ఒక పెద్ద షెడ్డులో వేశారు. వారంపాటు ఫైట్ల రిహార్సలు. హీరో తెల్ల కుర్రాడు, అందగాడు, మంచివాడే. కర్ర తిప్పితే తన చెవికే తగిలేది. మాస్టారు అతని ముందు పడ్డారు, లేచారు, పడ్డారు. నాలుగో రోజుకు ఆ కుర్రాడు మహా యోధుడిలా కనిపించడం మొదలుపెట్టాడు. అతని బలం ఎక్కడుందో తెలిసినవాళ్ళు ఆ షెడ్డులో ఇద్దరమే. రాత్రి హోటల్లో మాస్టారి మోకాళ్ళు బొప్పికట్టి ఉంటే, ఐస్ ముక్కలు టవల్లో చుట్టి ఇచ్చాను. "ఇవి అప్పన్న మోకాళ్ళు. ఇన్నాళ్ళూ పేరు లేని మోకాళ్ళు నొప్పెట్టేయి, ఇప్పుడు పేరున్నవి. తేడా ఉంటాదమ్మా" అన్నారు.

కర్ర సీను తీసే రోజు పొద్దున్న కాగితాలు మారి వచ్చాయి. ఈ దేశంలో కాదనడం కూడా థాంక్యూతోనే మొదలవుతుంది కాబట్టి డైరెక్టరు ముందుగా మా ఇద్దరికీ థాంక్స్ చెప్పాడు. తర్వాత చెప్పింది ఇది. హీరో అప్పటికే కథలో నాయకుడైపోయాడు, అతను వంగితే బాగుండదని అతని తరఫువాళ్ళకు అనిపించింది. అందుకని అప్పన్నే మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా కర్రను పైకెత్తి, హీరోకు సమర్పిస్తాడు. భావం ఒకటేనట. ఇంకా గొప్పగా ఉంటుందట.

మాస్టారు మాకు మూడడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఇంగ్లీషు ఆయనకు నా కంటే బాగా వచ్చు. ఒక్కో మాటా విన్నారు. డైరెక్టరు మాత్రం గొంతు తగ్గించి నా వైపు వంగాడు. "వాణీ, మీ భాషలో ఆయనకు కాస్త నచ్చజెప్పవూ? నువ్వంటే ఆయనకు అభిమానం." వెనక ఎనభై మంది లైట్లు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నేను వెళ్ళి మాస్టారి పక్కన కూర్చున్నాను.

"ఏటంటన్నాడు?" అన్నారు, ఏమీ విననట్టు.

"చిన్న మార్పంట మాస్టారూ."

"చిన్నదా?"

"ఒక్క షాటే. మీరు కూర్చుని చేతికి అందిస్తే చాలంట."

"గరిడీలో కర్ర చేతికిచ్చినోడిని చూసేవా నువ్వు?"

"లేదు."

"మరేటి?"

నేను చెప్పింది మొత్తం ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. ఇది గరిడీ కాదు, సినిమా అన్నాను. ఇప్పుడు కాదంటే ఇంకెవరినో పెట్టి తీసేస్తారన్నాను. ఏడు డైలాగులున్నాయి, ముఖం కనపడుతుంది, అప్పన్న అనే పేరు తెర మీద పడుతుంది, ముప్ఫై ఏళ్ళు ఆగింది దీనికోసం కాదా అన్నాను. అన్నీ నిజాలే. ఒక్క ముక్కలో కూడా అబద్ధం లేదు. నాకూ అది మొదటి ఉద్యోగం, అది పోతుందేమోనని భయపడుతున్నానన్న నిజం ఒక్కటే చెప్పలేదు.

ఆయన నా ముఖంలోకి చూశారు. "ఆడు చెప్తే నాను చెయ్యనమ్మా. నువ్వు చెప్తే చేస్తాను. ఇది నువ్వు చెప్తన్నావా, ఆడి మాట మోసుకొచ్చి నాకిస్తన్నావా?"

"నేనే చెప్తున్నా మాస్టారూ."

సరేనని లేచారు. సినిమాకు కర్త డైరెక్టరు, కర్ర మాస్టారిది, కర్మ ఎవరిదో ఆ పూట నాకు తెలియలేదు. నాలుగు టేకులు తీశారు. నాలుగుసార్లు ఆ చల్లటి సిమెంటు మీద మోకరిల్లి, తల వంచి, రెండు చేతులా కర్ర ఎత్తి పట్టుకున్నారు. నాలుగోది అయ్యాక హీరో వచ్చి కౌగిలించుకుని, మీరు లెజెండ్ అన్నాడు. మర్నాడు డైలాగులు తీశారు. తెలుగు మాటలు చెబుతుంటే లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ముందుకు వంగి విన్నారు. కట్ అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం ఆయన ఆంటీకి ఫోన్ చేసి, "ఏడూ చెప్పీసేనే! ఒక్కటీ తప్పలేదు" అంటుంటే విని, నేను చేసింది మంచిపనే అనుకున్నాను. కర్ర సంగతి మాత్రం ఆవిడతో అనలేదు. నేనూ అనలేదు.

మాస్టారిది గరిడీ, సినిమావాళ్ళది గారడీ అని ఇప్పుడు తేలిగ్గా అనేస్తాను. నిజానికి అక్కడ ఎవరూ మోసం చెయ్యలేదు. అందరూ సౌమ్యంగానే ఉన్నారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియనంత సౌమ్యంగా ఉన్నారు. కోపానికి చిరునామా దొరక్కపోతే అది ఇంటికే తిరిగొస్తుంది. నాది నా దగ్గరికే వచ్చింది.

ఇప్పుడు నేను షెఫీల్డ్‌లో ఒక ఆస్పత్రిలో ఇంటర్‌ప్రెటర్‌ని. నాన్న దగ్గు చివరికి నిజమైంది, మెడిసిన్ పక్కకే చేరాను. పిల్లల్ని చూడటానికి వచ్చి జబ్బుపడ్డ పెద్దవాళ్ళకు డాక్టరు మాట తెలుగులో, వాళ్ళ మాట ఇంగ్లీషులో చెప్పడం నా పని. ఎప్పుడైనా ఒక డాక్టరు, ఎంతో దయగానే, "మీ భాషలో ఆవిడకు కాస్త నచ్చజెప్పండి" అంటాడు. "మీరు చెప్పింది చెబుతాను. నచ్చజెప్పడం మీరే చెయ్యాలి" అంటాను. మొదటిసారి అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెద్ద ధైర్యమేమీ కాదు. నాకు అప్పగించిన మాటకు, నా సొంత మాటకు మధ్య తేడా ఉందని ఒక మనిషి నన్ను సూటిగా అడిగాడు, నేను తప్పు జవాబు చెప్పాను. ఆ జవాబు ఏం చేసిందో సినిమా విడుదలైన రోజు చూశాను.

మాస్టారు చర్చి హాలు పిల్లలందరికీ టికెట్లు తీశారు. ఆంటీ పట్టుచీర కట్టుకున్నారు, పైన చలికి కోటు. రెండు వరసలు మావే. సినిమాలో సగం గడిచాక ఒక గుహ వచ్చింది, పొగ వచ్చింది, ముసుగు కప్పుకున్న ఒక ఆకారం వచ్చింది. ముఖం ఉండాల్సిన చోట నీడ ఉంది. ఆ నీడ మోకరిల్లింది. రెండు చేతులు కర్రను పైకెత్తాయి. కెమెరా ఆ చేతుల మీంచి మెల్లగా పైకెళ్ళి హీరో ముఖం మీద ఆగి, అక్కడే ఉండిపోయింది. డైలాగులు లేవు. నేల ఇచ్చిందే తీసుకోమని హీరోయే తన మనసులో, తన ఇంగ్లీషులో అనుకున్నాడు. తర్వాతి సీనులో గురువుగారు చనిపోయారని ఎవరో ఎవరికో చెప్పారు. చావడం కూడా చూపించలేదు.

"వేర్ ఈజ్ మాస్టర్ అంకుల్?" అని ముందు వరసలో ఒక పిల్ల గట్టిగానే అడిగింది.

"దట్ వజ్ హిమ్" అన్నాడు పక్కవాడు. ఒకప్పుడు చర్చి హాల్లో వంగడానికి మొండికేసినవాడే. "దోజ్ వర్ హిజ్ హ్యాండ్స్." కాసేపాగి, నా వైపు తిరిగి, "బట్ హీ గేవ్ హిమ్ ద స్టిక్" అన్నాడు. నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

సినిమా అయిపోయింది. ఆంటీ కోటు బొత్తాలు పెట్టుకుంటూ, "లేవండి, పోదాం" అన్నారు. "ఉండవే, పేర్లు పడనీ" అన్నారు మాస్టారు. పేర్లు పడ్డాయి. నటుల్లో అప్పన్న లేడు. ఫైటర్ల పేర్లు గుంపుగా వచ్చాయి, అందులో ఎక్కడో ఆయనది ఉంది, వేలు పెట్టి చూపించేలోపే పైకెళ్ళిపోయింది. వంటవాళ్ళ పేర్లు, డ్రైవర్ల పేర్లు, కుక్కను తెచ్చినవాడి పేరు వచ్చాయి. హాలు దాదాపు ఖాళీ అయింది. అప్పుడు, ఒక వరస మొత్తం దానికే ఇచ్చి, తెలుగు సంభాషణల సలహాదారు అని నా పేరు పడింది. ఆ సినిమాలో ఒక్క తెలుగు మాట లేదు.

మాస్టారు సీటు పట్టుకుని, మోకాళ్ళు కూడదీసుకుని లేచి నిలబడ్డారు. "చూసేరా గుంటలూ? మన వాణి! కొట్టండి, కొట్టండి" అని పిల్లల వైపు తిరిగి చప్పట్లు మొదలుపెట్టారు. రెండు వరసల పిల్లలూ లేచి కొట్టారు. ఆంటీ కొట్టలేదు. నా పేరు తెర మీంచి వెళ్ళిపోయాక కూడా ఆయన కొడుతూనే ఉన్నారు. నేను ఆయన ముఖంలో ఎగతాళి కోసం వెతికాను. లేదు. కాస్తయినా ఉండి ఉంటే, ఈపాటికి మర్చిపోయి ఉండేదాన్ని.